ఆరులో చేరినవాళ్లలో పది దాటిందెందరు? విశాఖ తీరంలోని ఒక హైస్కూల్ కేస్ స్టడీ

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు ఏ హైస్కూల్ స్టాఫ్‌రూమ్‌లో చూసినా ఒకటే మాట నడుస్తుంది, పాస్ శాతం. మన బడిది ఎంత, మండలానిది ఎంత, జిల్లా ఎన్నో స్థానంలో ఉంది. నేను లెక్కలు చెప్పే మాస్టారిని. ఏ శాతం కనపడినా ముందు దాని హారం చూడడం నాకు అలవాటు. పాస్ శాతానికి హారం పరీక్ష రాసినవాళ్లు. ఏడులో మానేసిన పిల్లవాడు, తొమ్మిదిలో పెళ్లయిపోయిన అమ్మాయి, పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్స్) పంపే నాటికి ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ మోస్తున్న కుర్రాడు ఆ హారంలో ఉండరు. వాళ్లు ఫెయిలైనట్టు కూడా ఎక్కడా రాసి ఉండదు.

తేడా ఎంతుంటుందో తెలియడానికి ఒక ఊహా లెక్క చూడండి. ఆరో తరగతిలో 100 మంది చేరారనుకుందాం. పదికి వచ్చేసరికి 85 మంది మిగిలారు. ముగ్గురు పరీక్ష ఫీజు కట్టలేదు, 82 మంది రాశారు, 72 మంది పాసయ్యారు. బోర్డు మీద రాసుకునే అంకె దాదాపు 88 శాతం. చేరినవాళ్లతో లెక్కేస్తే 72. పరీక్ష దాకా రాని 18 మంది పిల్లలు ఎవరి నోటా వినపడకుండా పోయారన్నమాట. అదే బడి ఇంకో పదిమంది వెనకబడిన పిల్లల్ని తొమ్మిదిలోనే వదిలేసుకుంటే పాస్ శాతం ఇంకా పెరుగుతుంది. అంటే ఈ అంకె పిల్లల్ని పోగొట్టుకున్న బడికి మార్కులు వేయగలదు. అందుకే దీన్ని ఒక్కదాన్నే నమ్మి పనిచేయడం నాకు సమ్మతం కాదు.

మా బడిలో 2019 జూన్‌లో ఆరో తరగతిలో చేరిన బ్యాచ్‌ను ఒక్కొక్క పేరూ పట్టుకుని పది దాకా వెంబడించాం. ఆ పని వివరమే ఇది. బడి పేరు, పిల్లల సంఖ్య కావాలనే ఇవ్వడం లేదు. చిన్న పేటల్లో బడి తెలిస్తే పిల్లవాడు తెలిసిపోతాడు.

ముందు జిల్లా సంగతి

2022 ఏప్రిల్ 4కి ముందు విశాఖపట్నం జిల్లా అంటే ఇటు గాజువాక, భీమిలి నుంచి అటు పాడేరు, చింతపల్లి, ముంచింగిపుట్టు దాకా. అంతటికీ కలిపి ఒకటే పాస్ శాతం. విభజన తర్వాత విశాఖ, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరుపడ్డాయి. తూర్పు గోదావరి నుంచి రంపచోడవరం వైపు మండలాలు కూడా అప్పుడు అల్లూరి జిల్లాలో కలిశాయి. 2025 ఫలితాల్లో రాష్ట్రం మొత్తానికి 81.14 శాతం వస్తే విశాఖ 89 దాటింది, అల్లూరి 47.64తో అట్టడుగున నిలిచింది. పాడేరు నుంచి విశాఖ నగరంలోని ఎంవీపీ కాలనీకి బస్సులో మూడు నాలుగు గంటల దారి. మధ్యలో ఇంత అగాధం ఉందని పాత జిల్లా సగటు ఎప్పుడూ చెప్పలేదు, గీత మారాకే బయటపడింది.

‘ఏజెన్సీ అంటే అంతే’ అని తీసిపారేయడం కుదరదు. పార్వతీపురం మన్యం జిల్లాలోనూ సవర, జాతాపు గూడేలున్నాయి, అక్కడా కొండదారులే. ఆ జిల్లా 2023లో 87.47, 2024లో 96.37, 2025లో 93.90 శాతంతో మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంది. కాబట్టి కొండ మీద పుట్టడం కారణం కాదు. కొండ మీద బడి ఎలా నడుస్తోందన్నదే కారణం.

రాష్ట్రం అంకె కూడా స్థిరంగా ఉండదు. కోవిడ్ వల్ల 2020, 2021లో పరీక్షలే జరగలేదు, అందరూ పాసే. 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, ఆ మరుసటేడు 81.14. పిల్లల తెలివి ఏడాదికేడాది ఇంతలా పెరిగి తరగదు కదా. బడులు మూతపడ్డ కాలం, పేపర్ల తీరు, 2025 బ్యాచ్‌కి పదిలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రావడం, ఇవన్నీ అందులో కలిసే ఉంటాయి. ఒక్క విషయం మాత్రం ఏటా మారకుండా వస్తోంది, అమ్మాయిలు ముందుండడం. 2025లో అమ్మాయిలు 84.09, అబ్బాయిలు 78.31. సంతోషమే. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతానికి 18 నిండకముందే పెళ్లయింది. ఆ పెళ్లిళ్ల వల్ల బడి వదిలిన అమ్మాయిలు ఈ 84లో గానీ, ఫెయిలైన మిగతా 16లో గానీ లేరు.

అమెరికా లెక్క నుంచి తీసుకున్న నియమం

అమెరికాలో ఇదే చిక్కు వచ్చింది. అక్కడ హైస్కూల్ అంటే 9 నుంచి 12 దాకా, మన ఇంటర్ రెండో ఏడాదితో సమానం. ఎంతమంది పూర్తి చేశారన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా లెక్కేసుకునేది. 2005లో గవర్నర్లు ఒక పద్ధతికి ఒప్పుకున్నారు, 2008లో కేంద్ర నిబంధన వచ్చింది. తొమ్మిదిలో చేరిన బ్యాచ్‌లో నాలుగేళ్లలో డిప్లొమా అందుకున్నవాళ్లెందరో చెప్పాలి, అంతే. ఆ లెక్కన 2010-11లో దేశం మొత్తానికి 79 శాతం, 2019-20లో 87. అదే ఏడాది అయోవా రాష్ట్రంలో 92 ఉంటే రాజధాని వాషింగ్టన్ డీసీలో 73. తెల్లజాతి పిల్లల్లో 90, నల్లజాతి పిల్లల్లో 81, అక్కడి ఆదివాసుల్లో 75. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లల్లో 71. గుంపులవారీగా ఇలా వేరు చేసి చూపడం తప్పనిసరి కావడంతో మంచి సగటు చాటున ఎవరూ దాక్కోలేకపోయారు.

ఆ నిబంధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది ఒక చిన్న వాక్యం. పిల్లవాడు వేరే బడికి వెళ్లాడని హారంలోంచి తీసేయాలంటే రాతపూర్వకమైన రుజువు ఉండాలి. ‘వెళ్లిపోయాడట’ చాలదు. మేమూ అదే పెట్టుకున్నాం. టీసీ తీసుకున్నంత మాత్రాన పేరు కొట్టేయం. చేర్చుకున్న బడి హెడ్మాస్టరు నుంచి కాగితమో, బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ యూడైస్‌లో ఆ బడి పేరు మీద పిల్లవాడి నంబరో కనపడాలి. అప్పటిదాకా మా హారంలోనే ఉంటాడు.

రిజిస్టర్లు చెప్పినవి

మా బడి బీచ్ రోడ్డుకూ హైవేకీ మధ్య ఉంటుంది. ఒకవైపు మత్స్యకారుల పేటలు. ఇంకోవైపు మధురవాడ, రుషికొండ చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లు, వాటిలో వాచ్‌మన్ కుటుంబాలు, కట్టుబడి పనివాళ్ల రేకుల షెడ్లు. హాస్టల్లో ఉండి చదువుకునే ఏజెన్సీ పిల్లలు కొందరు. అడ్మిషన్ రిజిస్టర్, టీసీ పుస్తకం, అయిదేళ్ల హాజరు పట్టీలు, యూడైస్, నామినల్ రోల్స్, మార్చి ఫలితాలు, సప్లిమెంటరీ ఫలితాలు, ఇవన్నీ ఒక పొడుగాటి షీటులోకి ఎక్కించాం. ఒక్కో పేరుకి ఒక్కో వరస. ఏ బడిలోనైనా ఉండే రికార్డులే ఇవి. అయితే వేటికవే వేరు వేరు బీరువాల్లో ఉంటాయి, కలిపి చూసే పని ఎవరికీ అప్పగించి ఉండదు.

ఈ బ్యాచ్ ఆరు చివర్లో కోవిడ్ వచ్చింది. ఏడులో ఎక్కువ భాగం ఇంట్లోనే గడిచింది. 2021 ఆగస్టు 16న బడులు మళ్లీ తెరిచేనాటికి వాళ్లు ఎనిమిదిలో ఉన్నారు. హాజరు పట్టీలో రాలడం ఎక్కువగా కనపడింది ఆ ఏడాది దసరా నుంచి సంక్రాంతి దాకా. పదో తరగతిలో కాదు. ఫిబ్రవరి, మార్చిలో స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, దత్తత పేరుతో ఒక్కో టీచరుకి ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఇదంతా మనం చేసేది అప్పటికి మిగిలినవాళ్ల కోసం. పోయినవాళ్లు రెండేళ్ల ముందే పోయారు.

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకా. ఆ గడప దాటాక బడికి రాని పిల్లవాణ్ని వెతికి తీసుకురమ్మని గట్టిగా అడిగే చట్టం లేదు. సరిగ్గా అదే వయసులో ఇంటికి రెండు చేతుల అవసరం కనపడుతుంది. తల్లికి వందనం లాంటి పథకాల వల్ల పేరు తీయించుకునేవాళ్లు తగ్గారు, మంచిదే. కానీ పేరు ఉండడం, పిల్లవాడు ఉండడం ఒకటి కావు. ‘లాంగ్ ఆబ్సెంట్’ అని పెన్సిల్‌తో రాసుకున్న పేర్లన్నీ మేము ఈ షీటులోకి ఇంకుతో ఎక్కించాం.

గుంపుల విషయంలో మామూలు ఫారాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఆడ, మగ ఉంటాయి. జాలారి, వాడబలిజ పిల్లలందరూ బీసీ-ఏ గడిలోకి వస్తారు. అదే గడిలో ఇంకా ఎన్నో కులాలు. కాబట్టి మేము వేరే గడులు కలిపాం: ఇంటికి ఆధారమైన పని, ఇంట్లో మాట్లాడే భాష, అయిదేళ్లలోపు తమ్ముడో చెల్లో ఉన్నారా, పగలు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరుంటారు. షీటు నిండాక చూస్తే ఎవరు పోతారన్నది కులం గడి కంటే ఈ గడులే ముందుగా చెప్పాయి. వాచ్‌మన్, కట్టుబడి, వేట. ఇల్లు కదిలే పనో, మనిషి కదిలే పనో ఉన్న ఇళ్ల నుంచే ఎక్కువమంది రాలారు. ఎనిమిదో తరగతి రెండో సగంలో హాజరు పడిపోతే అది రెండో గుర్తు. ఆ రెండూ కలిసిన పిల్లల్లో పదికి చేరినవాళ్లు బహు తక్కువ.

వాచ్‌మన్ గారి అమ్మాయి

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. బొబ్బిలి వైపు కుటుంబం. నాన్న మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్, అమ్మ అవే ఫ్లాట్లలో పనిచేసేది. దసరాకి ఊరెళ్లి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చేసరికి వేరే మనిషిని పెట్టేసుకున్నారు. మకాం పెందుర్తి వైపు మారింది. టీసీ తీసుకోలేదు. మా హాజరు పట్టీలో పేరు అలాగే ఉంది. 2022-23 నుంచి యూడైస్‌లో పిల్లలవారీ నంబర్లు వచ్చాక ఏ బడీ తీసుకోని పేర్లు డ్రాప్‌బాక్స్ అనే జాబితాలో పడతాయి. అందులో ఈ పేరు తేలింది.

ఫోన్ నంబరు మారిపోయింది. పాత అపార్ట్‌మెంట్‌లో ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే కొత్త చోటు చెప్పాడు. వెళ్లేసరికి అమ్మాయి లిఫ్ట్ పక్కనున్న గదిలో తమ్ముణ్ని ఆడిస్తోంది. ‘చదువు మాన్పించాలని కాదు సార్, ఇక్కడ గట్టిగా కుదిరాక వేద్దామనుకున్నాం’ అన్నాడు తండ్రి. ఆ మాటలో అబద్ధం లేదు. కుదరడానికి ఏడాది పట్టింది, అంతే. టీసీ లేదన్న కారణంతో చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతుంది, కానీ అదీ ఎనిమిది దాకే. తొమ్మిదికి వచ్చేసరికి కాగితం అడుగుతారు. టీసీ మేమే రాసి, తీసుకెళ్లి దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదిలో చేర్పించాం. అక్కడి ఇంగ్లీషు మేడమ్ మధ్యలో వచ్చిన పిల్లని విసుక్కోకుండా దగ్గర కూర్చోబెట్టుకున్నారు. తమ్ముణ్ని అంగన్‌వాడీలో వేయించడం అంతకంటే పెద్ద పనైంది. అది జరక్కపోతే ఆ అమ్మాయి చేరినా నిలిచేది కాదు. 2024లో పది పాసైంది.

మా బడి శాతానికి దీనివల్ల ఒక్క పాయింటు కూడా కలవలేదు, ఆ అమ్మాయి వేరే బడి ఖాతాలో పాసైంది. ఇలాంటి పనికి గుర్తింపు ఏ ఫలితాల షీటులోనూ లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

వేట నిషేధంలో లెక్కల క్లాసు

మత్స్యకార పేటల అబ్బాయిలది వేరే దారి. వాళ్లు ఒక్కసారి మానేయరు. తొమ్మిదిలో వారానికి రెండు రోజులు హార్బర్‌కి వెళ్తారు, ఆ తర్వాత నాలుగు రోజులు. ఏడాది తిరిగేసరికి బోటు మీద వంటకో సాయానికో ఎక్కుతారు. పెద్ద బోటు ఎక్కితే పది పదిహేను రోజులు తిరిగి రారు. పరీక్ష ఫీజు 125 రూపాయలే, ఆదాయం తక్కువున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు అదీ లేదు. డబ్బు అడ్డు కాదు. ఆ ఫారం నింపే రోజున పిల్లవాడు ఒడ్డున లేకపోవడమే అడ్డు. ఒక తల్లి తట్ట దించుకుంటూ, ‘సదువుకుంటానంటే నానొద్దన్నానేటి మాస్టారూ? ఆడే ఎల్లడం మానేసినాడు’ అంది. ఆమె వేకువజామున హార్బర్‌కి వెళ్లి, చేపలమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. బడి గంట కొట్టే సమయానికి ఆ ఇంట్లో పెద్దవాళ్లు లేరు.

నామినల్ రోల్స్ సమయంలో మేము ఒక్కో ఇంటికీ వెళ్లి ఆధార్, పుట్టినతేదీ సరిచూసుకుని వీళ్ల పేర్లు పంపాం. రాస్తే ఫెయిలవుతారు, శాతం పడిపోతుంది, ఎందుకు పంపడం అన్న మాట ఏ బడిలోనైనా వస్తుంది. మాకు హెడ్మాస్టరు అండగా నిలబడ్డారు. మార్చి 2024లో వాళ్లలో చాలామంది రాశారు, చాలామంది లెక్కల్లో, సైన్స్‌లో పోయారు. ఏప్రిల్ 22న ఫలితాలొచ్చాయి.

ఇక్కడే మాకు కలిసొచ్చింది. తూర్పు తీరంలో చేపలు గుడ్లుపెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, మోటారు బోట్ల వేట నిషేధం. సప్లిమెంటరీ పరీక్షలు మే 24 నుంచి జూన్ 3 దాకా పెట్టారు. అంటే ఫెయిలైన పిల్లలు, వాళ్ల తండ్రులు, అన్నలు అందరూ ఊళ్లోనే ఉన్న నెల రోజులు మాకు దొరికాయి. ఏడాది మొత్తంలో పేటలో ఇంటిల్లిపాదీ ఒడ్డున ఉండేది అప్పుడే. బడిలో కాకుండా నూకాలమ్మ గుడి పక్కన వలలు బాగుచేసుకునే షెడ్డులోనే పొద్దున్నే క్లాసు పెట్టాం. ఎండ ఎక్కేలోగా అయిపోవాలి. తండ్రులు ఒక మూల వల కుట్టుకుంటూ ఉంటే పిల్లలు ఇంకో మూల. పారిపోవడానికి వీల్లేదు.

ఒక కుర్రాడు నాకు బాగా గుర్తుండిపోయాడు. వేట డబ్బులో డీజిల్, ఐస్, సరుకుల ఖర్చు తీసేసి మిగిలింది యజమానికీ కళాసీలకూ (బోటు మీద పనిచేసేవాళ్లకూ) ఎలా పంచుతారో నోటితోనే, రూపాయి తేడా లేకుండా చెప్పేవాడు. అదే లెక్కలో ఎక్స్ అని రాయగానే ఆగిపోయేవాడు. బోర్డు మీద ఎక్స్ చెరిపేసి ‘ఒక కళాసీ వాటా’ అని రాశాను. కదిలాడు. నాలుగు లెక్కలు అలా చేశాక వాటాని ‘వా’ అని కుదించాను, ఆ తర్వాత ‘వా’ని ఎక్స్ చేశాను. రెండు చలరాశుల సమీకరణాలు అలా పట్టుబడ్డాయి. పాస్‌కి 35 కావాలి. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, గ్రాఫులు, ఈ సమీకరణాలు గట్టిగా వస్తే అది అందని సంఖ్య కాదు. కొత్త పాఠాలు ముట్టుకోలేదు. సైన్స్ మేడమ్ కూడా బొమ్మలు, అవే నాలుగైదు పాఠాలు పదేపదే రాయించారు. హిందీలో పోయినవాళ్లకి 20 వస్తే చాలు కాబట్టి దాని మీద ఎక్కువ సమయం పెట్టలేదు.

క్లాసుకు నిలకడగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది సప్లిమెంటరీలో పాసయ్యారు. ఆ కళాసీ వాటా కుర్రాడు కంచరపాలెం ఐటీఐలో చేరాడు. అయితే పేపర్లు, టీవీలు, ర్యాంకుల జాబితాలు అన్నీ ఏప్రిల్‌లోనే ముగిసిపోతాయి. సప్లిమెంటరీ ఫలితాన్ని కలిపి బ్యాచ్ అంకెను మళ్లీ ప్రకటించే ఆనవాయితీ లేదు. రెండు నెలల తర్వాత పాసైన పిల్లవాడి మెమోకి ఐటీఐలో, ఇంటర్‌లో ఏ తక్కువా ఉండదు. బడి లెక్కలో మాత్రం వాడు ఇప్పటికీ ఫెయిలే.

హాస్టల్ పిల్లల గురించి తక్కువే చెప్పగలను, వాళ్ల సంఖ్య తక్కువ. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా భాషలు మాట్లాడేవాళ్లు సంక్రాంతికి వెళ్లి ఆలస్యంగా వస్తారు. తెలుగే రెండో భాష అయిన పిల్లవాడికి సైన్స్ ఇంగ్లీషులో చెబుతున్నాం. వాళ్లు మానేయలేదు, వార్డెన్ గట్టి మనిషి. కానీ ప్రశ్న అర్థం కాక మార్కులు పోగొట్టుకున్నారు. దీనికి మా దగ్గర సరైన మందు దొరకలేదు.

ఇప్పుడు మారిన పనులు

షీటు ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ నడుస్తోంది. ఎనిమిదో తరగతిలో దసరా సెలవుల తర్వాత వారం దాటి రాని పేరు కనపడితే క్లాస్ టీచరు ఫోన్ చేయడం, దొరక్కపోతే ఇంటికెళ్లడం నియమం చేసుకున్నాం. అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ వాళ్లు, ఇస్త్రీ బండ్ల వాళ్లు, పేటల్లో ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్లు, వీళ్లకి మా కంటే ముందే కబురు తెలుస్తుంది. వాళ్ల నంబర్లు స్టాఫ్‌రూమ్ గోడ మీద రాసి పెట్టాం. వేట నిషేధం క్లాసు ఏప్రిల్ 15న వలలు ఒడ్డుకి ఎక్కగానే మొదలవుతుంది, ఫలితాల కోసం ఆగం. ఎవరు పోతారో మాకు దాదాపుగా తెలిసే ఉంటుంది కదా.

మండల స్థాయిలో నేను అడుగుతున్నవి రెండే. జిల్లా సమీక్షల్లో పాస్ శాతం పక్కన, ఆరులో చేరినవాళ్లలో ఎందరు పది పాసయ్యారన్న ఇంకో గడి పెట్టాలి. ఆ గడిని సప్లిమెంటరీ తర్వాత, జూలైలో నింపాలి. దీనివల్ల మొదటి ఏడాది చాలా బడుల అంకెలు పడిపోతాయి, మాదీ పడింది. హెడ్మాస్టర్లకు టెన్షన్ ఉంటుంది. అందుకే మొదటి రెండేళ్లు దీన్ని ర్యాంకులకు వాడకుండా, మనిషిని పంపడానికి, క్లాసు పెట్టడానికి మాత్రమే వాడమని కోరుతున్నాను.

ఆ బ్యాచ్‌లో సప్లిమెంటరీలోనూ పోయినవాళ్లకి, అసలు ఫీజే కట్టనివాళ్లకి ఓపెన్ స్కూల్ దారి ఉంది. 14 ఏళ్లు నిండితే చాలు, పాసైన సబ్జెక్టు అలాగే నిలుస్తుంది, మిగిలినవి విడతలుగా రాసుకోవచ్చు. బోటు మీద వెళ్లేవాళ్లకి ఇది నప్పుతుంది. కొందరి చేత దరఖాస్తు పెట్టించాం. తొమ్మిదిలో పెళ్లయిన అమ్మాయి కూడా అందులో ఉంది. అత్తగారింట ఒప్పుకోవడానికి మా తెలుగు మేడమ్, ఆ ఊరి ఆశా కార్యకర్త కలిసి వెళ్లి మాట్లాడారు. రెండు సబ్జెక్టులు అయ్యాయి, మూడు మిగిలాయి.